చెవిన పడిన మాట ఎవరి సొత్తు?



"గోప్యము" అన్న పదాన్ని మనం సాధారణంగా "దాచవలసినది" అన్న అర్థంలో వాడుతుంటాము. ఆ పదానికి మూలం "గుప్" ధాతువు. దానికి ధాతుపాఠం చెప్పిన అర్థం రక్షణ. కనుక గోప్యమంటే మొదట రక్షింపదగినది; దాచడమన్నది ఆ రక్షణకు ఒక ఉపాయం మాత్రమే. "సమ్మతి" అన్న మాట కూడా ఇలా విప్పి చూడదగినదే. "మన్" ధాతువుకు తలచుట, ఎరుగుట అని అర్థాలు. "సమ్" అన్న ఉపసర్గ చేరినప్పుడు ఇరువురి తలపు ఒక్కటి కావడమన్న భావం కలుగుతుంది. అడిగేవాడు దేనికోసం అడుగుతున్నాడో ఇచ్చేవాడికి తెలియని చోట సంతకం ఉండవచ్చునేమో కాని, సమ్మతి ఉండదు.

శాస్త్ర పరిశోధన పేరిట ఈ రెండు మాటలకు జరిగిన పరీక్షల చరిత్రను స్థూలంగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశోధన అనగానే సూదులు, మందులు, ప్రయోగశాలలు మనకు గుర్తుకు వస్తాయి. అవి లేని పరిశోధన కూడా ఉన్నది. ఒకే బాధలో ఉన్నవారు నలుగురు ఒకచోట చేరి తమలో తాము చెప్పుకున్న మాటలను, వారికి చెప్పకుండా వ్రాసుకుని పోయే పరిశోధన అది. అక్కడ రక్తం చిందదు, గాయం కనబడదు. అందుచేతనే అది తప్పా, ఒప్పా అన్న వివాదం ఇంతకాలం సాగింది.

ఇటువంటి కూటములలో ప్రసిద్ధమైనది "ఆల్కహాలిక్స్ అనానిమస్". 1935లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతుల కలయికతో అది మొదలైంది. వారిలో ఒకరు న్యూయార్కులో స్టాకుల వ్యాపారం చేసినవాడు, రెండవవారు శస్త్రవైద్యుడు. తాగుడు మాన్పించడానికి వైద్యుని ఉపదేశం కన్నా, అదే బాధ పడినవాడితో మాట్లాడడం ఎక్కువ ఉపకరిస్తుందని వారు గ్రహించారు. 1939లో వెలువడిన వారి గ్రంథం పేరే కూటమికి పేరైంది. "అనానిమస్" అంటే పేరులేనివారు, లేదా పేరు చెప్పనివారు. 1950లో క్లీవ్‌లాండులో జరిగిన మహాసభలో వారు పన్నెండు సంప్రదాయాలను ఆమోదించుకున్నారు. అనామకత్వమే తమ ఆధ్యాత్మిక పునాది అని వాటిలో చివరిది చెబుతుంది.

ఈ నియమాన్ని కేవలం సిగ్గును కప్పుకునే తెరగా చూడరాదు. తాగుడువల్ల ఉద్యోగం పోయినవాడు, ఆలుబిడ్డలను కొట్టినవాడు, అప్పులపాలైనవాడు నలుగురి ముందు నిలబడి నోరు విప్పాలంటే రెండు నమ్మకాలు కావాలి. వింటున్నవారు తనవంటివారే అన్నది మొదటిది. ఈ మాట ఈ గది దాటదన్నది రెండవది. ఈ రెంటిలో ఏది పోయినా చికిత్స ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ గోప్యత చికిత్సకు వెలుపల ఉన్న మర్యాద కాదు, చికిత్సలో భాగం. గుప్ ధాతువులోని రక్షణార్థం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఈ రెండు నమ్మకాలూ ఒకేసారి పరీక్షకు వచ్చిన ఘట్టం 1960లో జరిగింది. జాన్ లోఫ్లాండ్, రాబర్ట్ లెజ్యూన్ అన్న ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు "సోషల్ ప్రాబ్లమ్స్" అన్న పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. కొత్తగా వచ్చిన తాగుబోతును ఆ కూటమివారు ఎలా ఆదరిస్తారు, వచ్చినవాడి దుస్తులను బట్టి, అంటే అతడి తరగతిని బట్టి, ఆ ఆదరణలో తేడా ఉంటుందా అన్నది వారి ప్రశ్న. దానికోసం విద్యార్థులకు ధనికుల వేషం, పేదల వేషం వేసి, కొత్తగా వచ్చిన తాగుబోతులుగా నటింపజేసి సభలకు పంపారు. నిజమైన తాగుబోతులు వచ్చి వారిని పలకరించారు, ధైర్యం చెప్పారు. ఆ పలకరింపులు లెక్కలుగా మారి పట్టికలకెక్కాయి.

మరుసటి సంవత్సరమే ఫ్రెడ్ డేవిస్ అన్న మరో సమాజశాస్త్రజ్ఞుడు అదే పత్రికలో ఆ పద్ధతిని ఆక్షేపించాడు. ఇటువంటి పరిశోధకుల పక్షాన చెప్పే సమాధానాలను కూడా మనం న్యాయంగా వినాలి. ఇందులో పేర్లు ప్రకటించలేదు; ఎవరికీ నష్టం కలగలేదు; ఆ కూటమి సభలలో ఎవరైనా వచ్చి కూర్చోదగినవి కూడా ఉన్నాయి; తెరచిన తలుపులో ప్రవేశించడం చొరబాటు ఎలా అవుతుంది? పైగా ముందుగా చెప్పి వెళితే సహజమైన ప్రవర్తన కనబడదు కదా? ఇవన్నీ బలమైన వాదాలే. ఈనాటికీ మాట కొంచెం మార్చి వీటినే చెబుతుంటారు.

వీటికి సమగ్రమైన జవాబు 1967లో కై ఎరిక్సన్ ఇచ్చాడు. అదే పత్రికలో మారువేషపు పరిశీలన గురించి ఆయన వ్రాసిన వ్యాసం ఈ చరిత్రలో ఒక మలుపు. తనకు అర్హత లేని ఆంతరంగిక స్థలంలోకి ప్రవేశించడానికి పరిశోధకుడు తానెవరో అబద్ధం చెప్పడం అధర్మమని, తాను చేస్తున్న పరిశోధన స్వరూపాన్ని బుద్ధిపూర్వకంగా మరుగుపరచడం కూడా అధర్మమేనని ఆయన రెండు సూత్రాలు ప్రతిపాదించాడు. నష్టం కలగలేదన్న వాదానికి ఆయన చెప్పినది గమనించదగినది. ఒకరి మనసుకు ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందుగా కొలిచే సాధనం మన శాస్త్రానికి ఇంకా లేదు. లేనప్పుడు నష్టం లేదని మనమే తీర్పు చెప్పుకోవడం ఎలా తగును? పైగా ఈ వేషాలు వేయవలసి వస్తున్నది ఎక్కువగా విద్యార్థులు. వారి అంతరాత్మ మీద పడే బరువు మాటేమిటి?

ఎరిక్సన్ మరో మాట కూడా అన్నాడు. ఇది నీతి దృష్టితోనే కాక శాస్త్ర దృష్టితో కూడా లోపభూయిష్టమని. దానికి ఉదాహరణ 1956లో లియాన్ ఫెస్టింజర్, మరి ఇద్దరు కలిసి ప్రకటించిన ఒక ప్రసిద్ధ గ్రంథంలో ఉన్నది. ప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న బృందంలోకి పరిశీలకులు భక్తులుగా నటిస్తూ చేరారు. ఉన్నది గుప్పెడు మంది. వారిలో పరిశీలకులే గణనీయమైన సంఖ్య. కొత్తవారు వరుసగా వచ్చి చేరుతుంటే అది దైవసంకల్పమేనని అసలు భక్తుల నమ్మకం మరింత పెరిగింది. చూడడానికి వచ్చినవారే చూడవలసిన దానిని మార్చివేశారన్నమాట.

ఎరిక్సన్ మాటను అందరూ ఒప్పుకోలేదు. 1968లో నార్మన్ డెంజిన్ అదే పత్రికలో ప్రతివాదం చేశాడు. ఇది ఆంతరంగిక స్థలం, ఇది బహిరంగ స్థలం అని ముందే గీత గీయడం కుదరదని ఆయన పక్షం. ఆ మాటలో కొంత సత్యమున్నది. రచ్చబండ బహిరంగమే; అయినా అక్కడ ఇద్దరు మిత్రులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే, పక్కన కూర్చున్నవాడు చెవి రిక్కించడం మర్యాద కాదని పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. అంటే మాట ఎక్కడ పలికారన్నది ఒక్కటే చాలదు. ఎవరిని ఉద్దేశించి, ఏ ప్రయోజనానికి పలికారన్నది కూడా చూడాలి.

ఇక పేరు మార్చితే చాలునన్న వాదం. దీని బలమెంతో 1958నాటి స్ప్రింగ్‌డేల్ ఉదంతం తేల్చింది. న్యూయార్కు రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు అధ్యయనానికి ఎన్నుకున్నారు. ప్రకటించే నివేదికలలో వ్యక్తులను గుర్తుపట్టే వీలు లేకుండా చూస్తామని ఊరివారికి మాట ఇచ్చారు. ఆ పనిమీద అక్కడ నివసించిన ఆర్థర్ విడిచ్, జోసెఫ్ బెన్స్‌మన్ అన్న మరో పండితుడితో కలిసి "స్మాల్ టౌన్ ఇన్ మాస్ సొసైటీ" అన్న గ్రంథం వ్రాశాడు. ఊరికి స్ప్రింగ్‌డేల్ అని, పెద్దలకు కల్పిత నామాలు పెట్టారు. పుస్తకం రాగానే ఊరిలో ఎవరికీ ఎవరిని గురించీ సందేహం రాలేదు. ఊరంతటికీ ఉన్న పెద్దలు నలుగురైదుగురు. ఎవరి వ్యాపారమేదో, ఎవరి పెత్తనమెక్కడో వ్రాసిన తరువాత పేరు మార్చి ప్రయోజనమేమున్నది?

ఊరివారి నిరసన విచిత్రమైనది. జూలై 4 ఊరేగింపులో వారు ముఖాలకు ముసుగులు తగిలించుకుని, పుస్తకంలోని కల్పిత నామాలు వ్రాసిన బండ్లలో ఊరేగారు. వరుసలో చివరగా పొలాలకు పేడ ఎరువు చల్లే బండి వచ్చింది. దానిమీద ఆ గ్రంథకర్త బొమ్మ ఎరువులోకి వంగి ఉన్నది. నవ్వు పుట్టించే దృశ్యమే. కాని ఆ నవ్వు వెనుక, నమ్మి ఇంటికి పిలిచి భోజనం పెట్టినవాడు తమ గుట్టును పుస్తకం చేసి అమ్మాడన్న దుఃఖమున్నది. ఆ పుస్తకంలోని విషయాలు అబద్ధాలని వారు ఆక్షేపించినది తక్కువ; నిజాలు బయటపడిన తీరే వారిని నొప్పించింది. ఆ ఊరి అసలు పేరు ఈనాడు గ్రంథాలలో దొరుకుతున్నది. ఈ వ్యాసానికి దానితో పని లేదు కనుక వ్రాయడం లేదు.

మాట ఉన్నదున్నట్టు ఉటంకించే చోట ఈ చిక్కు మరింత పెద్దది. మనిషికి పలుకుబడే ఒక ముఖం. ఒక గ్రామంలో పుట్టిన యాస, ఒక కులవృత్తిలో పుట్టిన పలుకు, ఒక మనిషికే ఉన్న ఊతపదం, ఇవి పేరు చెరిపినా చెరగవు. దగ్గరివాళ్ళు రెండు వాక్యాలు వింటే చాలు, చెప్పినవారెవరో పోల్చుకుంటారు. ఇప్పుడైతే దగ్గరివాళ్ళు కూడా అక్కరలేదు. ఒక వాక్యాన్ని యథాతథంగా యంత్రానికిచ్చి వెదికితే అది మొదట ఎక్కడ వ్రాయబడిందో క్షణంలో బయటపడవచ్చు. పరిశోధకుడు తన పుస్తకంలో పేరు తీసివేసినా, వాక్యమే దారి చూపుతుంది.

ఈ వివాదాలు పండితుల పత్రికలలోనే ఉండిపోలేదు. 1972లో టస్కీగీ ఉదంతం బయటపడింది. 1932 నుండి నలభై సంవత్సరాలపాటు అలబామాలో నల్లజాతి పేదలకు సిఫిలిస్ వ్యాధి ఉన్నదని చెప్పకుండా, మందు దొరుకుతున్నా ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులే పరిశీలిస్తూ కూర్చున్న ఘోరమది. ఆ అలజడి వల్ల 1974లో చట్టం, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చాయి. వ్యక్తిపట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అన్న మూడు సూత్రాలను ఆ నివేదిక నిర్ధారించింది. ఆ తరువాత అమెరికా నిబంధనలు ఆంతరంగిక సమాచారాన్ని నిర్వచించిన తీరు మన చర్చకు ముఖ్యం. తనను ఎవరూ గమనించడం లేదని, వ్రాసుకోవడం లేదని మనిషి సమంజసంగా అనుకోదగిన సందర్భంలోని ప్రవర్తన ఆంతరంగికం. ఒక ప్రత్యేక ప్రయోజనానికి ఇచ్చినదీ, బయటపెట్టరని ఇచ్చినవారు సమంజసంగా నమ్మదగినదీ అయిన సమాచారం కూడా ఆంతరంగికం. చూడండి, ఇక్కడ కొలబద్ద గోడ కాదు, తలుపు కాదు. చెప్పినవారి న్యాయమైన నమ్మకం.

మన దేశంలో ఇదే ధర్మాన్ని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో మరింత సూటిగా చెప్పింది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తనదీ, తన కుటుంబానిదీ, వివాహం, సంతానం, మాతృత్వం, విద్య మొదలైనవాటిదీ గోప్యతను కాపాడుకునే హక్కు పౌరుడికున్నదని, వాటిని గురించి అతని సమ్మతి లేకుండా ఎవరూ ప్రకటించరాదని ఆ తీర్పు సారాంశం. అది నిజమైనా సరే, అబద్ధమైనా సరే. పొగడ్త అయినా సరే, తెగడ్త అయినా సరే. న్యాయస్థానపు దస్త్రాల వంటి ప్రభుత్వ పత్రాలకెక్కిన సంగతులకు, తనంతట తాను వివాదంలోకి దిగినవారికి అందులో మినహాయింపులున్నాయి. "నేను వ్రాసినది నిజమే కదా", "మంచే వ్రాశాను కదా" అన్న రెండు సమాధానాలనూ ఆ తీర్పు ముందుగానే కొట్టివేసిందని మనం గమనించాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా నిర్ధారించింది.

హక్కు ఉన్నదన్నంత మాత్రాన సమ్మతి దక్కినట్టు కాదు. సమ్మతి ఇవ్వవలసినదెవరన్న ప్రశ్న మిగిలి ఉన్నది. దీనికి దూరదేశపు ఉదాహరణలు అక్కరలేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని, ఇప్పుడు తెలంగాణలో ఉన్న ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే టీకా ఇచ్చే ప్రదర్శన కార్యక్రమం జరిగింది. పాత్ అన్న అమెరికా సంస్థ, భారతీయ వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. సుమారు 14 వేలమంది బాలికలు అందులో ఉన్నారు. చాలామంది గిరిజన, పేద కుటుంబాల పిల్లలు, వసతిగృహాలలో ఉండి చదువుకునేవారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. కొందరు బాలికల మరణాలకూ టీకాకూ సంబంధం లేదని విచారణలో తేలింది. ఆ టీకా ఉపయోగాన్ని నేనిక్కడ ప్రశ్నించడం లేదు. దాని ప్రయోజనం ప్రపంచమంతా అంగీకరించినదే. తేలిన దోషం మరొకటి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలమీద వసతిగృహాల వార్డెన్లే సంతకం చేశారు. మరో 1,948 పత్రాలమీద వేలిముద్రలున్నాయి.

బడిపిల్లలను ఒక్కరోజు విహారయాత్రకు తీసుకుపోవాలన్నా తల్లిదండ్రుల సంతకం తెప్పించుకోవడం ఉపాధ్యాయులందరమూ ఎరిగిన పద్ధతే. అటువంటిది పిల్లల శరీరానికి సంబంధించిన విషయంలో సంరక్షకుడు తల్లిదండ్రుల స్థానంలో కూర్చుని సంతకం చేశాడు. వార్డెను చెడ్డవాడు కాకపోవచ్చు. పై అధికారి కాగితాలు పంపాడు, సాయంత్రానికి నింపి ఇమ్మన్నాడు, ఊళ్ళు దూరం. ఆ పరిస్థితి ఎలా ఉంటుందో వ్రాతకోతల కొలువు చేసినవారెవరైనా ఊహించుకోగలరు. అయినా అది సమ్మతి కాదు. ఇదే న్యాయం బాధితుల కూటములకు కూడా వర్తిస్తుంది. కూటమి పెద్ద సరేనన్నాడని సభ్యులందరి మాటలూ పరిశోధకుడి సొత్తు కావు. ఆయన తలుపు తెరవగలడేమో కాని, ఇతరుల నోటి మాటను దానం చేయలేడు. "మౌనం అర్ధాంగీకారం" అన్న సామెత ఉన్నదనవచ్చు. సగమే అంగీకారమని ఆ సామెతే చెబుతున్నది. పైగా ప్రశ్న విననివాడి మౌనం సగం అంగీకారం కూడా కాదు.

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో రెండు అంశాలను ఈ వెలుగులో చదువుకోవాలి. ఒక వ్యక్తి తన సమాచారాన్ని తానే బహిరంగపరిస్తే దానికి ఆ చట్టం వర్తించదు. పరిశోధన, గణాంకాల అవసరాలకు నిర్ణీత ప్రమాణాలకు లోబడి, ఆ వ్యక్తిపై నిర్ణయాలు తీసుకోవడానికి వాడనంతవరకు మినహాయింపు ఉన్నది. పరిశోధనలు ఆగిపోకూడదన్న ఉద్దేశం మంచిదే. రోగుల అనుభవాలు తెలియకపోతే వైద్యం ముందుకు సాగదు. బాధితుల మాటలు వినకపోతే ప్రభుత్వాల కళ్ళు తెరుచుకోవు. కాని "బహిరంగపరచడం" అన్న మాటకు అర్థం ఎవరు చెబుతారు? బిడ్డను పోగొట్టుకున్న తల్లి అదే దుఃఖంలో ఉన్న మరో పదిమంది తల్లులతో చెప్పుకున్న మాట, తలుపు వేయడం మరిచిపోయిన కారణాన బహిరంగమైపోయిందా? చట్టం మినహాయించిన చోట ధర్మం కూడా మినహాయిస్తుందని మన పెద్దలు ఎన్నడూ చెప్పలేదు.

ఈ చరిత్రనుండి నాకు బోధపడినది ఇది. బాధలో ఉన్నవాడి మాటకు చెప్పినవాడే యజమాని. వినే అవకాశం దొరకడం వేరు, వినియోగించుకునే అధికారం వేరు. పరిశోధకుడు చేయవలసిన పని కష్టమైనదే కాని అసాధ్యమేమీ కాదు. తానెవరో చెప్పాలి, దేనికోసమో చెప్పాలి, కాదనే అవకాశమివ్వాలి, కాదన్నవారి మాటను విడిచిపెట్టాలి, వాడుకున్న మాటను చెప్పినవారికి చూపించాలి. అలా అడిగితే కొందరు ఒప్పుకోరు, పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. ఉండనివ్వాలి. అడగకుండా నింపిన గడుల కారణంగా రేపు ఒక్క మనిషి నోరు విప్పడానికి భయపడి ఇంట్లోనే కుమిలిపోతే, ఆ నష్టం ఏ పట్టికలోనూ కనబడదు. కనబడదు కనుకనే దానిని లెక్కలోకి తీసుకునే బాధ్యత పరిశోధకుడిదే అవుతున్నది.

విజ్ఞులైన చదువరులలో పరిశోధన రంగంలో ఉన్నవారు కూడా కొందరున్నారు. ఆ వైపు నుండి వారికి తోచినది చెబితే సంతోషిస్తాను.

స్వస్తి.